కుర్మమ్మ చూసిన ఆకు కొస

కామాటిపురాలో చాల్ అనే అద్దె గదుల మేడ మూడో అంతస్తు వరండాలో కుర్మమ్మ పెయింటు డబ్బాల్లో మొక్కలు పెంచుతుంది. వాటిలో ఒకటి, మనవరాలు రుతుజ కాలేజీ వాళ్లతో కొండకు వెళ్లి తెచ్చిన దుంప. అది అడవి లిల్లీయేననీ, ఏ జాతో పువ్వు పూస్తేగానీ తేలదనీ రుతుజ పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

ఒక పొద్దున ఆకు కొస నులితీగలా మెలిక తిరిగి, బట్టలారేసే తాడును పట్టుకుంది. కుర్మమ్మ అది చూసి, మొక్కను ముట్టి చూస్తున్న రుతుజను కసిరింది. "అడవినాభి అది! దుంప మొత్తం విషం. చేతులు కడుక్కో, పో!"

రుతుజ నవ్వేసింది.

శ్రావణంలో పువ్వు విచ్చింది. రేకులన్నీ మంటలా పైకి లేచాయి. మొదళ్లలో పసుపు, కొసల్లో ఎరుపు. పుస్తకంలో అడవినాభి బొమ్మ కూడా అదే.

"పువ్వు రాకముందే ఎట్ల గుర్తువట్టినవ్ అవ్వా?"

కుర్మమ్మ తాడు నుంచి ఆకును మెల్లగా విడిపించింది.

"చిన్నప్పుడు పాలమూరుల మ్యాకలు కాసిన. పువ్వు పూసెదాంక మ్యాకలు ఆగుతయా?"