చీలమండలో రెండు స్క్రూలు

వరద సహాయానికి పంపిన మా దళం సూరత్‌లో దిగింది మధ్యాహ్నం రెండు గంటలకు. వాన ఆగలేదు. ఇక్కడివాళ్లు ఖాడీ అనే వాగు పొంగి, పర్వత్ పాటియా వీధుల్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. రబ్బరు పడవలు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, రేడియో సెట్టు దించాం. హవల్దార్ ఆర్డరు చెప్పాడు. ముందు జబ్బుపడ్డవాళ్లు, తర్వాత ముసలివాళ్లు. సామాన్లు వద్దు. నన్ను మొదటి పడవలో ఎక్కించాడు. నేను పుట్టింది ఆ వీధుల్లోనే. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ పవర్‌లూమ్ నడిపాడు.

మరునాడు పొద్దున, ఒక మగ్గాల షెడ్డు పై అంతస్తులో జ్వరంతో ఒక ముసలమ్మ ఉందని కబురొచ్చింది. బయట ఇనుప మెట్లు. ఆమెను వీపున ఎక్కించుకుని దిగుతున్నాను.

"నేను బరువున్న బిడ్డా, జర నిమ్మళంగ," అంది చెవిలో.

"మెడ గట్టిగ పట్టుకో అవ్వా. తక్కింది నేను చూసుకుంట."

ఆమెను పడవలోకి అందించాను. అంతలో తుప్పు పట్టిన మెట్లు గోడ నుంచి ఊడాయి. నా ఎడమ కాలు కమ్మీల మధ్య ఇరుక్కుంది. ఒళ్లు మాత్రం పక్కకు ఒరిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పడవలోకి లాగాక చూస్తే పాదం బయటి వైపు తిరిగి ఉంది.

మా నర్సింగ్ అసిస్టెంట్ పాదం మీద వేళ్లు పెట్టాడు. "నాడి ఉంది. అటు చూడకు," అని రెండు వైపులా బద్దలు పెట్టి కట్టాడు. రేడియో ఆపరేటర్ సెట్టు అందుకున్నాడు.

"పేషెంట్లు ఇద్దరు సార్. ఒకడు మనవాడే."

"ఎలా ఉన్నాడు?"

"తిడుతున్నాడు సార్."

"అయితే ఫర్వాలేదు."

మిలిటరీ ఆస్పత్రికి దారి లేదు. ఆల్థాన్‌లో ఒక ఆస్పత్రికి చేర్చారు. ఎముకల డాక్టరు గుజరాతీ ఆవిడ. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి హిందీలో చెప్పింది.

"రెండు వైపులా విరిగింది. ముక్కలు జరిగాయి. చర్మం వాచి బొబ్బలెక్కింది, పొడుగ్గా కోస్తే ఆ గాయం మానడం కష్టం. బయటి నుంచే ఎముకను సరిచేసి, చిన్న గాట్లలోంచి లోపలి వైపు రెండు స్క్రూలు, బయటి ఎముకలో ఒక పిన్ను పెడతాను. అలా కుదరకపోతే మాత్రం కోయక తప్పదు."

"పరిగెత్తగలనా మేడమ్?"

"నడుస్తావు. పరుగు సంగతి ఇవాళ మాటివ్వను."

ఊరి బయట పల్సానాలో మిల్లు పని చేసే మా మేనమామ తడిసి ముద్దై వచ్చాడు.

"ఏంది అల్లుడా గిట్లయింది? ఇనుము పెట్టిచ్చుకుంటే నిన్ను ఫౌజుల ఉంచుతరా? మా దగ్గర కట్టు కట్టేటాయన ఉన్నడు. నా చెయ్యి ఆయనే కట్టిండు."

"నీ చెయ్యి పూర్తిగ తిరుగుతదా మామా?"

ఆయన తన మణికట్టు వైపు చూసుకున్నాడు. "పని నడుస్తున్నది గద."

"నాకు నడిస్తే సాలది. ఉర్కాలె."

మామ తడి చొక్కా అంచు పిండుకున్నాడు. "పో. నేను బయట్నే ఉంట," అన్నాడు చివరికి.

ఆపరేషన్ బల్ల మీద, వెన్నులో ఇచ్చిన సూదికి నడుము కింద మొద్దుబారింది కానీ మెలకువగానే ఉన్నాను. ఎక్స్‌రే తెర నా వైపు తిప్పమని డాక్టరును అడిగాను. తిప్పింది. బూడిద రంగు నీడలో నా ఎముక. ఆవిడ పాదాన్ని లాగి మెల్లగా తిప్పింది. జరిగిన ముక్క వచ్చి తన చోట కూర్చుంది. ముందు సన్నటి తీగ దిగింది. ఆ తీగ మీదుగానే, లోపల బోలుగా ఉన్న స్క్రూ ఒక్కో చుట్టు తిరుగుతూ దిగింది. నొప్పి లేదు. డ్రిల్లు శబ్దం మాత్రం పళ్లలో మోగింది. గాట్లు వేలిగోరంత కూడా లేవు.

హవల్దార్ చూడ్డానికి వచ్చాడు. "స్టోర్‌లో కుర్చీ చూస్తారులే. ఇక అదే నీ డ్యూటీ," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు.

"ఇంకెవరికైనా ఇవ్వమనండి సాబ్."

"ముందు లేచి నిలబడు."

కొన్ని వారాలకు పిన్ను తీశారు. ఊతకర్రల మీద యూనిట్‌కు తిరిగి వెళ్లాను. కాలు వేరెవరిదో అన్నట్టుండేది. స్టోర్ డ్యూటీ వేశారు. చేశాను. కానీ రోజూ తెల్లవారకముందే గ్రౌండులో నడిచాను, తర్వాత కుంటుతూ పరిగెత్తాను. వాచిన రోజు ఐసు పెట్టుకుని మర్నాడు మళ్లీ వెళ్లాను. చివరికి డాక్టర్ల బోర్డు ముందు పరిగెత్తి చూపించాను. అందరికంటే వెనక వచ్చాను. అయినా టైము లోపలే వచ్చాను. రైఫిల్ నా చేతికి తిరిగి వచ్చింది. రిటైరయ్యే దాకా దించలేదు.

ఇప్పుడు సూరత్‌లోనే ఉంటున్నాను. చలికాలం కాలు సలుపుతుంది. స్క్రూలు తీయించుకోలేదేమని వీధిలో అడుగుతారు. "అవి గూడ నౌకరి చేసినయ్, ఉండనియ్," అంటాను.

కానీ నన్ను వదలనిది వేరే ఉంది. దళం తిరిగి వెళ్లిన రోజు. వార్డు కిటికీ కింద నుంచి ట్రక్కులు పోతున్నాయి. చువ్వలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. అందరి చొక్కాలూ బురదతో అట్టకట్టాయి. ఆఖరి ట్రక్కులో వెనక అంచున నర్సింగ్ అసిస్టెంట్ కూర్చున్నాడు. తలెత్తి ఒక్కో కిటికీ వెతుకుతున్నాడు. నాది ఏదో అతనికి తెలియదు. అతని చూపు నా అంతస్తు దాకా రాకముందే ట్రక్కు మలుపు తిరిగింది. నర్సు నా భుజం పట్టుకుని కూర్చోమంది. వీధి ఖాళీ అయ్యేదాకా నేను కూర్చోలేదు.