ఐసులో వచ్చిన వల

కరోనా సద్దుమణిగి షాపులన్నీ మళ్ళీ తెరుచుకున్న ఏడాది అది. గవర్నర్‌పేటలో నాది ఫ్రేముల షాపు. దేవుళ్ళు, పెళ్ళిళ్ళు, పోయిన పెద్దలు, అందరికీ అద్దాలు బిగిస్తూ తల నెరిసింది నాకు. ఆ వానాకాలంలో దీప్తి అనే అమ్మాయి తలుపంత ప్లైవుడ్ మీద పరిచిన గుడ్డ ఒకటి ట్రాలీ ఆటోలో తెచ్చి దింపింది.

వీటిని మిక్స్‌డ్ మీడియా అంటారు. బట్ట, రంగు, మట్టి, చేతికందినవన్నీ కలిపి చేసే బొమ్మ. దీప్తి వాళ్ళది కొల్లేటి లంక. చేపల చెరువు పోయాక ఊరు వదిలి విజయవాడ వచ్చేశారు. వచ్చిన కొన్నాళ్ళకే తండ్రి పోయాడు. ఆ బొమ్మంతా ఊరు వదలడం గురించే. తండ్రి వల, తల్లి పెళ్ళి పట్టుచీర, వాటి మీద జిగురుతో అతికించిన బొచ్చె చేప పొలుసులు, అడుగున అద్దిన కొల్లేటి ఒండ్రు. తండ్రి గుర్తుగా ఇంట్లో మిగిలింది ఆ వల ఒక్కటే. తల్లి వెంకాయమ్మగారు అడగ్గానే ఇచ్చారట గానీ, కూతురు దానికి కత్తెర పెట్టిందని తెలిశాక ఆ బొమ్మ వైపు కన్నెత్తి చూడలేదట.

దానికి బాక్స్ ఫ్రేమ్ కట్టాలి. అంటే అద్దం గుడ్డకి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచే పెట్టె. వారాంతానికి హైదరాబాద్‌లో ప్రదర్శనకి పంపాలి. అద్దం తుడిచి బిగించబోతూ చీర అంచు దగ్గర ఆగిపోయాను.

"అమ్మాయ్, ఇలా రా. ఇదేంటి?"

"దారం ముక్కండీ."

"దారం ముక్క నడుస్తుందా?"

పొలుసులకి పట్టిన పురుగు అది. అప్పటికే పట్టులోకి దిగి సన్నగా చిల్లులు పెడుతోంది. అలాగే మూసేస్తే లోపలే పిల్లల్ని పెట్టి చీరంతా నమిలేస్తుంది. మందు కొడితే పట్టు మీద మరకలు. ఇలాంటప్పుడు మ్యూజియంలలో ఫ్రీజింగ్ చేస్తారు. గుడ్డని ప్లాస్టిక్‌లో గాలి చొరకుండా చుట్టి, గడ్డకట్టే చలిలో కొన్నాళ్ళు ఉంచితే పురుగులూ వాటి గుడ్లూ చస్తాయి. కానీ మా ఇంట్లో ఫ్రిజ్ మా ఆవిడ దోసెల పిండికే చాలదు.

"మా ఏడుకొండలు మావయ్య కైకలూరులో చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడండీ," అంది దీప్తి.

ప్రదర్శన వాళ్ళని బతిమాలి గడువు పెంచుకుంది. రెండు పొరల ప్లాస్టిక్ చుట్టి, టేపు వేసి పంపాం. చలిలో పెట్టండి, తీశాక విప్పకుండా అలాగే తీసుకురండి అని ఏడుకొండలుకి ఫోన్లో నేనే చెప్పాను. కొన్నాళ్ళు చలిలో ఉంచి ఆయన విప్పకుండానే తెచ్చాడు, చేపల వ్యాన్‌లో. కింద ఐసు, పైన ఐసు.

"చుక్క చల్లదనం పోనివ్వలేదండి!" అన్నాడు సంబరంగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరయ్యా ఐసు వెయ్యమన్నది నిన్ను?"

"మా పిల్ల సరుకండి. వట్టినే ఎట్టా తెస్తానండి?"

పాపం, ఆయనకి తెలిసిన జాగ్రత్త అదే. కరిగిన నీళ్ళు ప్లాస్టిక్ మీద పారుతున్నాయి. చలికి టేపు ఒక మూల ఊడి వేలాడుతోంది. దీప్తి బ్లేడు తీసుకుని ప్లాస్టిక్ కొయ్యబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. చల్లటి గుడ్డకి వానాకాలపు గాలి తగిలితే నిలువునా చెమ్మ పడుతుంది. మామూలు వేడికొచ్చేదాకా తెరవకూడదు. తుడిచి, ఊడిన మూలకి కొత్త టేపు వేసి, ఫ్యాను కూడా వెయ్యకుండా కూర్చున్నాం.

సంగతి తెలిసి వెంకాయమ్మగారు వచ్చేశారు.

"తెరవండి బాబుగారూ. నీళ్ళు ఎక్కడిదాకా పోయినయ్యో ఏంటో."

"ఇప్పుడు తెరిస్తే మొత్తం పోతుందమ్మా."

"మీ ఇంటో వస్తువైతే ఇట్టా చూస్తా కూర్చుంటారా?"

"కూర్చోలేను. కానీ తెరవను."

పైకి అలా అన్నాను గానీ నాకూ నమ్మకం లేదు. లోపల ఆ వల నానిపోతోందో ఏమో ఎవరికి తెలుసు? మధ్యాహ్నం భోజనాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఏడుకొండలు గుమ్మంలోనే నిలబడి వ్యాన్ తాళాలు తిప్పుకుంటూ ఉండిపోయాడు.

సాయంత్రానికి ప్లాస్టిక్ మీద చెమ్మ ఆరింది. తెరిచాను. పురుగులు చచ్చాయి. చీర క్షేమం. కానీ టేపు ఊడిన మూల నీళ్ళు దిగి, ఒండ్రు కరిగి వల మీదికి పాకింది. దీప్తి బల్ల మీది కత్తెర అందుకుంది. "ఆ అంచు కోసేస్తానండీ," అంది.

"కత్తెర అక్కడ పెట్టు," అన్నారు వెంకాయమ్మగారు.

ఆవిడ వంగి బొమ్మ అంచున వదులుగా ఉన్న తడి వలని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. మొహానికి ఆనించుకుని గట్టిగా ఊపిరి పీల్చారు. తలెత్తేసరికి బుగ్గ మీద మట్టి.

"మీ నాన్న చేపల ఏట నుంచి ఇంటికొస్తే ఇదే వాసన," అన్నారు కూతురితో.

ఏడుకొండలు అటు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు. అద్దం రేపు బిగిస్తానన్నాను. మట్టి ఆరాలని సాకు చెప్పాను గానీ, ఆ పూట ఆ చేతుల్లోంచి వల తీసుకోవడం నా వల్ల కాలేదు.

ఆ మరక అలాగే హైదరాబాద్ వెళ్ళింది. అప్పటిదాకా దుమ్మూ చెమ్మా పురుగూ చొరకుండా చూడడమే నా పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా పోయినవాళ్ళ చీరో, కండువానో తెస్తే కొలతలకంటే ముందు ఒక మాట అడుగుతాను: ఇంట్లో దీన్ని ఇంకోసారి ముట్టుకోవాల్సిన వాళ్ళెవరైనా ఉన్నారా అని. ఉన్నారంటే ఆ గుడ్డ ఇంటికి పంపించేస్తాను, వాళ్ళు తనివితీరా ముట్టుకున్నాకే తెమ్మంటాను.