బెణికిన కాలు, వదిన తొక్కిన మగ్గం

మొన్న మా మనవరాలు ఫోను చూసుకుంటూ కాలేజీ మెట్లు దిగబోయి కాలు బెణికించుకుంది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదని తేల్చి, రెండు మూడు రోజులు ఐసు పెట్టమని, కట్టు కట్టి కాలు ఎత్తు మీద ఉంచమని, నూనె రాసి పిసకడం మాత్రం వద్దే వద్దని చెప్పి పంపాడు. నొప్పి కాస్త తగ్గాక ఇప్పుడా పిల్ల మంచం మీద పడుకుని పాదంతో గాల్లో అక్షరాలు రాస్తోంది, అదో వ్యాయామమట. చూస్తుంటే నవ్వూ వచ్చింది, చీరాలలో ఈ ఇంట్లోనే ఒకప్పుడున్న నా మగ్గమూ గుర్తొచ్చింది.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. నాన్న, అన్నయ్య చెరో మగ్గం నేస్తుంటే నూలు కండెలు అందిస్తూ, తెగిన పోగులు అతుకుతూ పెరిగినవాణ్ణి, ఆ ఏడే నాకంటూ సొంత మగ్గం పెట్టారు. గుంట మగ్గమంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, చేత్తో నూలు కండె పెట్టిన నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసురుతూ కాళ్ళతో చెక్కలు తొక్కాలి, చేతులకు ఎంత పనో కాళ్ళకూ అంతే పని. మాకు నూలిచ్చే షావుకారు తన కూతురి పెళ్ళిచీర నా మగ్గానికి ఇచ్చి, ముహూర్తానికి అందకపోతే నాకు మళ్ళీ నూలిచ్చేది లేదని ముందే చెప్పాడు. అదే జరిగితే నన్ను పొగాకు కాల్చే బ్యారన్‌లో పనికి పంపిస్తానని నాన్న అన్నారు. ఆ మాటకు భయపడినంతగా నేను దేనికీ భయపడలేదు.

గంజి పట్టడానికి పొద్దున్నే వీధి పొడవునా పడుగు, అంటే చీర నిలువు పోగులన్నీ, సాగదీసి కట్టాం. పని సగంలో ఉండగా చినుకులు మొదలయ్యాయి. తడిస్తే ఆ నూలంతా పాడవుతుందని చుట్టబెట్టే హడావుడిలో కాలవ అంచున అడుగు వేశాను, పాదం లోపలికి మడతపడింది. పడుగు దక్కింది గానీ నా కాలు దక్కలేదు.

నాన్న ఉప్పు కాపడం పెట్టించి, బెణుకులు తీసే పెద్దాయన్ని పిలిపించారు. ఆయన వేడినూనె పోసి పిసికిన పిసుకుడికి నేను పెట్టిన కేకలు రైల్వే స్టేషను దాకా వినపడి ఉంటాయి. తెల్లారేసరికి చీలమండ ఎముక కూడా కనపడనంతగా వాచిపోయింది. ఈలోగా అన్నయ్య పడుగు మగ్గానికి ఎక్కించాడు. ఐదో రోజున నేను మొండికేసి మగ్గంలో కూర్చుని నాలుగుసార్లు తొక్కానో లేదో కళ్ళు బైర్లు కమ్మాయి, వచ్చిన కాస్త నయమూ పోయింది.

అప్పుడు వదిన నోరు విప్పింది. వేటపాలెం నుంచి కోడలిగా వచ్చి రెండేళ్ళే, మామగారి ఎదుట గొంతు పెంచని మనిషి, ఆ రోజు కండెలు చుట్టే రాట్నం ఆపేసి నాన్నతోనే అంది: “సాగిపోయిన పోగును ఇంకా లాగితే ఏమవుద్ది మావయ్యా, తెగుద్ది. ఆ కాలూ అంతే. కొన్నాళ్ళు దాని జోలికి పోకండి.” ఇవాళ డాక్టర్లు బొమ్మ గీసి చెప్పేదంతా నాకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. పాత చీర చింపి కట్టు కట్టి, కుండలో నీళ్ళతో తడిపిన గుడ్డ వేస్తూ, దిండు మీద పెట్టించిన కాలు నన్ను కదపనివ్వలేదు.

నాన్నకూ అన్నయ్యకూ ఎవరి మగ్గం మీది పని వాళ్ళకుంది, మరి నా చీర సంగతి? దానికీ ఆమే దారి చెప్పింది. కొడుకులు లేని వాళ్ళ నాన్న ఆమెకు నేత నేర్పాడట. మా ఇంట్లో మాత్రం ఆడవాళ్ళు కండెలు చుట్టాలే తప్ప మగ్గంలో కూర్చోకూడదు. నాన్న రెండు రోజులు గొణిగి, చివరికి ముహూర్తం తలుచుకుని, నాడె మాత్రం నేనే విసరాలన్న షరతుతో సరేనన్నారు. కట్టు కట్టిన కాలు పీట మీద చాపుకుని నేను నాడె విసురుతుంటే, పక్కన కూర్చుని వదిన చెక్కలు తొక్కేది. మొదటి రోజు ఆమె కాలు ముందు, నా చెయ్యి వెనక. “నేస్తన్నావా, నిద్రపోతన్నావా మరిదీ?” అని ఆటపట్టించేది.

వాపు తగ్గాక, నా పాదాన్ని తన పాదం పక్కన చెక్క మీద ఊరికే ఆనించమంది. తరవాత కొంచెం బరువు, ఇంకొన్నాళ్ళకు ఇంకొంచెం. ఒకరోజు అంచు చూసుకుంటూ పక్కకు తిరిగితే, వదిన రెండు కాళ్ళూ ముడుచుకుని నన్నే చూస్తోంది. ఎప్పటినుంచో నేనొక్కణ్ణే తొక్కుతున్నానన్నమాట! సంతోషం పట్టలేక ఇల్లంతా వినపడేలా అరిచాను. మర్నాటి నుంచి ఆమె మళ్ళీ రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. చీర పెళ్ళికి అందింది, షావుకారు నా పనితనాన్ని మెచ్చుకున్నాడు, ఆ తరవాత నలభై ఏళ్ళు నేను మగ్గం మీదే బతికాను. కాళ్ళు ఎవరివో మాత్రం ఆయనకు చెప్పలేదు.

మనవరాలి కాలు చూశాక ఆగలేక నిన్న పొద్దున వదినకు ఫోను చేశాను. అన్నయ్య పోయాక మంగళగిరిలో కూతురి దగ్గర ఉంటోంది. నా బతుకు నిలబెట్టింది నువ్వేనని, యాభై ఏళ్ళు ఆలస్యంగానైనా, చెప్పాను. నవ్వింది. “ఇప్పుడా చెప్పేది? అసలు నీ కాలు ఇంకో నాలుగు రోజులు నయం కాకపోతే బాగుండనుకున్నా మరిదీ. మీ ఇంట్లో నేను మగ్గంలో కూర్చుంది అప్పుడే గదా,” అంది.

అలా అనుకుంటూనే, తన పాదం తానే తీసేసి నన్ను బాగుచేసిందన్నమాట. నయమైన సంబరంలో, పక్కన ఖాళీ అయిన చోటు నా కంట పడనేలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళకు అడ్డుచెప్పేవాళ్ళు ఎవరూ లేరు. వచ్చి కూర్చో వదినా అందామంటే, ఆ గుంట ఎప్పుడో పూడ్చేసి టైల్స్ పరిచాం, దాని మీద సోఫా ఉంది.