బురుల్ గురువారం వంట

నరీన్ పట్టణంలో బురుల్ అంత చప్పున వంట తెమిల్చే మనిషి లేదు. కుట్టు దుకాణం నుంచి వస్తూనే, కోటైనా విప్పకుండా పొయ్యి మీద బాణలి పెడుతుంది. గొడ్డుమాంసం, ఉల్లిపాయలు, మాకరోనీ, నీళ్లు, అన్నీ అందులోకే. గురువారం మాత్రం నూనె పొగలు రాగానే తలుపు ఓరగా తీసి, పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకోవాలి. ఆ వాసనే వాళ్లకి భోజనం. "పిలవకపోతే వాళ్లే లోపలికొచ్చి కూర్చుంటారే!" అని అత్త కాలీచా బతికున్నన్నాళ్లూ బెదిరించేది. "నీ చేతికి ఉప్పు తెలీదు" అని సణుగుతూ, కోడలు అటు తిరగ్గానే ఇంకాస్త ఉప్పు వేసేది.

ఈ గురువారం పనినుంచి ఆలస్యంగా వచ్చింది. పిల్లలు ఆకలని గోల. ఆ హడావుడిలో బురుల్ తలుపూ తియ్యలేదు, పేర్లూ తలవలేదు. బాణలి మీద మూత పెట్టి, గిన్నెలు సర్దింది. మొగుడు సమత్ మొదటి ముద్ద నమిలి ఆగిపోయాడు. "అచ్చం అమ్మ వండినట్టే ఉందే! ఉప్పే కాస్త ఎక్కువైంది."

బురుల్ అరమీది ఉప్పు డబ్బా వైపు చూసింది. ఇవాళ దాన్ని దించనేలేదు. ఆమె లేచి, ఇంకో గిన్నె నింపి, అత్త కూర్చునే చోట పెట్టింది.