సార్ దగ్గరే ఉండిపోయిన రెండో చాబీ

మా సార్ పోయారన్న కబురు నయా రాయపూర్ వెళ్లే బస్సులో తెలిసింది. ఆఫీసు నుంచి ఫోన్ చేసినతను హిందీలో చెప్పాడు. పొద్దున స్నానానికని లేచి కుర్చీలో కూలబడ్డారట, ఆసుపత్రికి తీసుకెళ్లేలోగా అంతా అయిపోయిందట. నేను "సరే" అని ఫోన్ పెట్టేశాను. సరే ఏమిటో నా మొహం! వెనక్కి తిరిగి దేవేంద్ర నగర్‌లో వాళ్లింటికి వెళ్దామంటే ఆ రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. దాంతో ఆఫీసుకే వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

ఎందుకంటే వెళ్లి నేను చేసిన మొదటి పని, జాబితాలోంచి సార్ పేరు తీసేయడం.

ఈ జాబితా సంగతి చెప్పాలి. మా కంపెనీ ఫైళ్లన్నీ ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లలో, క్లౌడ్‌లో ఉంటాయి. ఎవరు ఏది చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు చెరపొచ్చు అన్న అనుమతులు ఇచ్చి, వెనక్కి తీసుకునే పని సార్‌ది. ఆయన కింద నాది. ఆయన రాకముందు అడిగినవాళ్లకల్లా చేత్తో ఇచ్చేసేవారు, వెనక్కి తీసుకోవడం ఎవరికీ గుర్తుండేది కాదు. మానేసి వెళ్లిపోయినవాళ్లు కూడా ఇంటి దగ్గర కూర్చుని మా ఫైళ్లు చూసుకోగలిగేవారు. సార్ వచ్చి ఒకే ఒక జాబితా పెట్టారు. పేరు, పేరు ఎదురుగా పని, ఎప్పటివరకు అన్నది. జాబితాలో వరస రాస్తే ఆయన తయారుచేసిన టూల్ ఆ మనిషికి కావలసిన తలుపులు తెరుస్తుంది. వరస తీసేస్తే అన్ని చోట్లా అదే మూసేస్తుంది. మధ్యలో మనిషి చెయ్యి ఉండదు, మనిషి మొహమాటం అంతకన్నా ఉండదు.

ఆయన ఆ అనుమతుల్ని చాబీలు, అంటే తాళంచెవులు, అనేవారు. వాళ్ల నాన్నగారు శ్రీకాకుళం నుంచి రైల్వేలో ఇక్కడికొచ్చి, సిగ్నల్ కేబిన్‌లో పనిచేసి రిటైరయ్యారు. డ్యూటీ దిగే మనిషి చాబీ అప్పగించి సంతకం పెట్టాలి, ఎక్కే మనిషి పుచ్చుకుని సంతకం పెట్టాలి. అది చూస్తూ పెరిగిన మనిషి ఇలా కాక ఎలా ఉంటారు? ప్రతి శుక్రవారం పొద్దున టీ అయ్యాక మమ్మల్నందరినీ కూర్చోబెట్టి జాబితా పైకి చదివేవారు. పేరు పిలిస్తే లేచి, ఈ చాబీ నాకు ఇంకా ఎందుకు కావాలో చెప్పాలి. చెప్పలేకపోతే అక్కడే వరస తీసేసేవారు. మా డైరెక్టర్ కూడా ఒకసారి లేచి నిలబడి, చెప్పలేక, నవ్వుతూ కూర్చున్నారు.

ఒకసారి నేనే దొరికాను. ఏదో తొందర పనికని ఒక్క రోజుకి పెద్ద చాబీ నాకు నేనే రాసుకుని, తీసెయ్యడం మర్చిపోయాను. సార్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ఏటమ్మాయ్, పని నిన్నే అయిపోనాది గదా, చాబీ ఇంకా కొంగునెందుకు?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బాలోంచి సగం పులిహోర నా డబ్బా మూతలో పెట్టి, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మనం పట్టక్కర్లేదు, దొంగ కాకుండా కాపాడితే చాలు అన్నారు. అప్పటినుంచి నేను ఒక్కసారి కూడా మర్చిపోలేదు. మర్చిపోయే మనిషినై ఉంటే ఎంత బాగుండేది!

ఇంకో అలవాటు ఉండేది ఆయనకి. ఎవరేం చెప్పినా మాట మాటకీ ఊఁ కొట్టేవారు. గట్టిగా కాదు, గొంతులోనే. ఫోన్‌లోనూ అంతే. సర్వర్ పడిపోయిన సంగతి చెప్పినా ఊఁ, మా అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి చెప్పినా ఊఁ. వింటున్నారో లేదో చూద్దామని ఒకసారి మధ్యలో ఆపేస్తే, తలెత్తకుండానే "ఊఁ, తర్వాత?" అన్నారు.

మా ఆఫీసులో ప్రతి ఉద్యోగికీ క్లౌడ్‌లో ఒక సొంత ఫోల్డర్ ఉంటుంది. దాన్ని ఇంకొకరు తెరవడానికి లేదు. మరీ అవసరం వస్తే ఇద్దరు ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. ఆ ఇద్దరూ సార్, నేను. ఒక్కడి చేతిలో ఉంటే అది తాళం కాదమ్మాయ్, మొహమాటం అనేవారు. మూడో మనిషిని కూడా రాద్దాం సార్, మనలో ఒకరు లేకపోతే ఎలా అని నేను చాలాసార్లు అడిగాను. సరైన మనిషి దొరకనీ, వచ్చే శుక్రవారం రాసేద్దాం అనేవారు. ఆ శుక్రవారం రానేలేదు. మూడో పేరు రాయాలన్నా మళ్లీ మా ఇద్దరి అనుమతీ కావాలి. లోకంలో తలుపులన్నిటి గురించీ ఆలోచించినవాళ్లం, ఈ ఒక్క తలుపు దగ్గర చిన్నపిల్లల్లా చేశాం.

సరే, ఆ రోజు సంగతి. వెళ్లినవాళ్ల చాబీ సాయంత్రంలోగా తీసెయ్యాలన్నది సార్ రూలు. ఈ ఒక్కసారికి రేపు చేయొచ్చులే అన్నారు ఆఫీసువాళ్లు. నేను వినలేదు. ఏడుపు రావడం లేదు, చేతులకి ఏదో ఒక పని కావాలి. సార్ ఉంటే ఇదే చెయ్యమనేవారు అనిపించింది. వరస తీసేశాను. టూల్ ఒక్కో తలుపూ మూసుకుంటూ పోయింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

నాలుగో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ, అంటే సార్ భార్య, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి చిన్నగొంతుతో అడిగారు. ఆదివారాలు సార్ వాళ్లమ్మగారిని కూర్చోబెట్టి పాత సంగతులు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసేవారట. పెద్దావిడ పోయి చాలా ఏళ్లయింది. పాత ఫోన్ పాడయ్యేలోగా వాటిని ఎక్కడో దాచారట. ఎక్కడ అంటే, మా ఆఫీసులో, ఎవరూ ముట్టుకోలేని చోట అన్నారట. ఇంటి సంగతులు ఆఫీసు ఫోల్డర్లో పెట్టొద్దని మాకందరికీ నూరిపోసిన మనిషి! ఇంకెక్కడా కాపీ కూడా ఉంచలేదు. ఆయన కట్టిన తాళం మీద ఆయనకి అంత నమ్మకం.

పెద్దావిడ గొంతు కోసం అనుకుని ఏదో అనబోయాను. ఆంటీ తల అడ్డంగా ఊపారు.

"మా అత్తగారి మాటలకి కాదమ్మా. ఆవిడ చెప్తుంటే ఈయన ఊఁ కొడతారు చూడు, ఆ ఊఁ ఒక్కసారి ఇనిపించీ. చాలు."

రేపే తెస్తాను ఆంటీ అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

మర్నాడు సార్ ఫోల్డర్ తెరవబోతే, రెండో మనిషి అనుమతి కావాలని అడిగింది టూల్. రెండో మనిషి లేడు. నేనే కదా తీసేశాను. ఆ పేరు తిరిగి రాయాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. సార్ ఆఫీసు ఫోన్ ఆ మొదటి రోజంతా ఆంటీ బల్ల మీదే ఉంది. నేను సాయంత్రం దాకా ఆగి ఉంటే, మూడో పేరు రాసి, ఆ ఫోన్‌లో అనుమతి ఇచ్చే బటన్ ఒక్కటి నొక్కిస్తే సరిపోయేది. పోయిన మనిషి పేరు మీద నొక్కించడం తప్పే. తెలిసీ చేసేదాన్ని. శుక్రవారం లేచి నిలబడి తిట్లు తినడానికి సార్ ఎలాగూ లేరు.

హెడ్డాఫీసుకి రాశాను. వాళ్లు తలుచుకుంటే తెరవగలరు. జవాబుగా మా రూల్స్‌లోంచి ఒక వాక్యం పంపారు. ఉద్యోగి సొంత ఫోల్డర్ అతను లేనప్పుడు ఆ ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఎవరూ తెరవరాదు, పేరు తీసేసిన ముప్ఫై రోజులకి దానంతటదే చెరిగిపోతుంది, ఎవరికీ మినహాయింపు లేదు. రాసింది మా సారే. మళ్లీ రాశాను, ఫోన్‌లో బతిమాలాను. అవతలి మనిషి మంచివాడే, పాపం బాధపడ్డాడు. ఒకరికి తెరిస్తే అందరికీ తెరవాలి కదా మేడమ్ అన్నాడు. అదీ సార్ మాటే. చేయగలిగినవాళ్లు చేయరు, చేస్తానన్న నాకు చేతకాదు. రోజూ పొద్దున్నే ఫోల్డర్ తెరిచే బటన్ నొక్కేదాన్ని, రోజూ అది రెండో మనిషిని అడిగేది. సార్ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన ఖాళీ కుర్చీని పక్క గదిలోకి నెట్టేశాను. మర్నాడు నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

ఆయన వల్లే నాకు పనొచ్చింది, పనిలో నిజాయితీ వచ్చింది. ఇది కృతజ్ఞతతోనే రాస్తున్నాను. కానీ ఇంత గట్టిగా నేర్పి ఉండకపోతే బాగుండును అని కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది.

ముప్ఫయ్యో రోజు సెలవు పెట్టి ఆంటీ దగ్గరికి వెళ్లాను. ఆవిడ వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నేనూ ఓ గుప్పెడు తీసుకున్నాను. నాలుగు దాటాక నా ఫోన్‌లో చిన్న చప్పుడయింది. ఫోల్డర్ తొలగించడం పూర్తయింది అని ఒక్క వరస. ఆంటీ నా మొహం చూసి, ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

ఏం చేయాలో తెలీక చెప్పడం మొదలుపెట్టాను. బస్సులో ఫోన్ రావడం, సరే అనడం, పేరు తీసేయడం, టూల్ ఒక్కో తలుపూ మూసుకుంటూ పోవడం, ఉత్తరాలు, జవాబులు, కుర్చీ. అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆంటీ తల వంచుకుని చిక్కుడుకాయలు తుంచుతూనే ఉన్నారు. నా మాట మాటకీ గొంతులోనే మెల్లగా ఊఁ కొడుతున్నారు.

చెప్పాల్సింది అయిపోయి నేను ఆగాను. ఆవిడ తలెత్తలేదు.

"ఊఁ, తర్వాత?" అన్నారు.