రమణమ్మ పిక్క, పెంచలయ్య నూనె

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, నన్ను విడవలూరు ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్టాఫ్ నర్సుగా బదిలీ చేశారు. అక్కడి రొయ్యల షెడ్లలో ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి రొయ్యల తలలు తీస్తారు. చాలామందికి కాళ్ల నరాలు ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగి ఉండేవి. దీన్నే వెరికోస్ వెయిన్స్ అంటారు. పిక్క కండరం కదిలితేనే రక్తం పైకి ఎక్కుతుంది. కదలకుండా నిలబడితే కిందే నిలిచి నరం సాగిపోతుంది. అందుకే గంటకోసారి నాలుగడుగులు వేయమని, పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోమని, పొద్దున మంచం దిగకముందే క్రేప్ బ్యాండేజీ చుట్టుకోమని చెప్పేదాన్ని.

వాళ్లు తలూపి, ఊళ్లోని నాటువైద్యుడు పెంచలయ్య దగ్గరికి వెళ్లేవారు. అతను వావిలాకు వేసి కాచిన నూనె ఇచ్చేవాడు. రెండు రోజుల్లో నొప్పి పోయిందని షెడ్డులో పనిచేసే రమణమ్మ చెప్పినప్పుడు నాకు అనుమానం మొదలైంది. ఆకు నూనెకు అంత వేగం ఎక్కడిది? ఏ ఇంగ్లీషు మందో కలుపుతున్నాడనుకున్నాను. నూనె తెచ్చి చూపించమని రెండుసార్లు కబురు పంపినా అతను రాలేదు. అనుమానం గట్టిపడింది.

వైద్యాధికారి గారు నెల్లూరులో సమావేశానికి వెళ్లిన రోజు ఉదయం, రమణమ్మను ఆటోలో తీసుకొచ్చింది పెంచలయ్యే. ఆమె ఎడమ కాలు వాచిపోయి ఉంది. నూనె వికటించింది, దొరికిపోయాడు అనుకున్నాను. కాలు సరిగా చూడకుండానే ఏం కలిపావని అతన్ని నిలదీశాను.

“అన్నను ఏమీ అనబాకండి సిస్టరమ్మా,” అంది రమణమ్మ నొప్పితో.

“నూనె సంగతి తర్వాత అడగండి,” అన్నాడు పెంచలయ్య. “ఉబ్బిన నరాలు రెండు కాళ్లకీ ఉండాయి. వాపు మాత్రం ఒక్క కాలికే, అదీ నిన్నటి నుంచే. పిక్క రాయి మాదిరి ఉండాది. రుద్దమని ఏడ్చింది, నేను రుద్దలా. భయమేసి తీసుకొచ్చినా.”

టేపు తీసి రెండు పిక్కలూ కొలిచాను. ఎడమది నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ, పైగా వేడిగా ఉంది. లోపలి సిరలో రక్తం గడ్డ కడితే ఇలా ఉంటుంది. రుద్దితే ఆ గడ్డ కదిలి, ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. వైద్యాధికారి గారికి ఫోన్ చేసి, రెఫరల్ చీటీ రాసి, అంబులెన్సులో నెల్లూరు పంపాను. అప్పటికే ఇరవై నిమిషాలు నూనె గురించిన ప్రశ్నలకే పోయాయి.

స్కాన్‌లో గడ్డ ఉందని తేలింది. నెలల తరబడి మాత్రలు వాడి రమణమ్మ కోలుకుంది.

ఆ నూనెలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. వావిలాకు తప్ప ఏమీ లేదని పెంచలయ్య అన్నాడు. నేను పూర్తిగా నమ్మలేదు. అనుమానించడం నర్సు పనిలో భాగమే. అయితే ముందు జబ్బును అనుమానించాలి, మనిషిని తర్వాత. మిగిలిన సర్వీసులో కాలి వాపుతో ఎవరు వచ్చినా, ఒక్క ప్రశ్న కూడా వేయకముందే రెండు పిక్కలూ కొలిచాను.