శుభాకర్ మామ, రెండు వందల పట్టలు

ఇంకొకరికి ఇచ్చే వస్తువు ఏదైనా సరే, ముందు తాను వాడి చూడందే జమ్మలమడుగు శుభాకర్ మామ దాన్ని గడప దాటనివ్వడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. సహాయం మూటలు కట్టించే పని ఆయనదే. ఆయన మూట కట్టించేలోపు కరువే వచ్చి పోతుందని చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రికి కార్యదర్శి అయిన విమల విసుక్కుంటుంది.

ఈసారి తుఫాను నెల్లూరు వైపు సముద్రపు పల్లెల మీద పడింది. రెండు వందల ఇళ్లకు పైకప్పులు ఎగిరిపోయాయి. రేపు సాయంత్రం మళ్లీ వానట. నాలుగింటికల్లా లారీ కదలాలని విమల అందరినీ తొందరపెడుతుంటే, మామ చర్చి ఆవరణలో చొక్కా మీద నైటీ తొడుక్కొని గుంజీలు తీస్తున్నాడు.

"ఏంది మామా ఈ యేషం?"

"కుట్టు చూడొద్దామ్మా? వంగితే పిగిలిపోతే ఆ తల్లి యాడ చెప్పుకుంటాది?"

తర్వాత చాప మీద పడుకొని పావుగంట గురక పెట్టాడు. పచ్చడి పాకెట్టు విప్పి, అన్నం తెప్పించుకొని, మారు కూడా వడ్డించుకున్నాడు. దోమతెరలో దూరి కూర్చున్నాడు గానీ, పట్టపగలు దోమలేవీ?

"యాడన్నా ఒక దోమను పట్టుకొని రాండప్పా!" అని లోపలి నుంచి కేకేశాడు.

లారీ డ్రైవరు వలి బాషా తల పట్టుకున్నాడు. "పెద్దాయనా, నా లారీని గూడా ఒక రౌండు తోలి చూస్తావా ఏంది?"

"తాళాలు ఇటియ్యి" అన్నాడు మామ. వలి బాషా తాళాలు జేబులో దాచుకున్నాడు.

ఇక మిగిలింది టార్పాలిన్ పట్టలు. ఎవరో దాత పంపిన రెండు వందలు, సీలు విప్పని కట్టలు. వీటినైనా వదిలిపెట్టమని విమల కాళ్లావేళ్లా పడింది. మామ వింటేనా! ఒకదాన్ని నాలుగు కర్రలకు కట్టించి, కింద కుర్చీ వేసుకున్నాడు.

"పొయ్యమ్మా బిందె!"

విమల కసికొద్దీ పోసింది. జల్లెడలో పోసినట్టు నీళ్లన్నీ మామ నెత్తిన పడ్డాయి. ఇంకో పది విప్పి చూశారు. అన్నీ పాత సరుకే, మడత మడతకీ చిట్లిపోయి ఉన్నాయి. తన మాటే నెగ్గి ఉంటే ఏమయ్యేదో తలచుకుని విమల ఖాళీ బిందె కింద పెట్టేసింది.

మామ తల తుడుచుకున్నాడు. "నా చిన్నప్పుడు పెన్నేరు పొంగి మా గుడిసె పాయ. ఎవరో పట్ట ఇచ్చిరి. దండం పెట్టి తీసుకుంటిమి. వాన పడితే ఒకటే కారుడు. ఊరికే ఇచ్చినదాన్ని బాగలేదని యా నోటితో చెప్తామమ్మా? తీసుకునేవాళ్లు అడగలేరు. మనమే చూసి ఇయ్యాల."

వెంటనే లేచాడు. "శెనగలు ఆరబోసే పట్టలు ఊర్లో శానా ఉండాయి. పోయి అడగండి!"

ఊరంతా కదిలింది. వడ్ల అంగడి ఖమర్‌బీ ఆరు పట్టలు పంపింది. ఆటోల మీద, బైకుల మీద, ఎద్దులబండి మీద పట్టలు వచ్చిపడ్డాయి. మామ ప్రతిదాని కిందా కూర్చున్నాడు. నలభయ్యో పట్టకు ఆయన పళ్లు టకటక కొట్టుకున్నాయి. విమల ఆయన్ని రెక్క పట్టుకొని లేపి, తానే కుర్చీలో కూర్చుంది.

"లెయ్ మామా. పొయ్యండి నా మీద!"

అది చూసి ఇంకో పదిమంది కుర్చీలు తెచ్చుకున్నారు. కారినవి పక్కన పడేసి, కారని రెండు వందలు ఎక్కించారు. లారీ రెండు గంటలు ఆలస్యంగా కదిలితే, తడిసిన జనమంతా ఈలలు వేసి సాగనంపారు.

మూడో రోజు పొద్దున అక్కడి పాస్టరు గారి భార్య ఎస్తర్ ఫోను చేసింది. రాత్రంతా కుండపోత వాన, అయినా ఏ ఇంట్లోనూ చుక్క కారలేదట. జ్వరంతో పడుకున్న మామ దుప్పటితోనే చర్చికి పరుగెత్తి గంట తాడు పట్టుకున్నాడు. మామూలు రోజు ఆ గంట మోగిందంటే చావు కబురే. వీధులన్నీ పరుగెత్తుకొచ్చాయి.

"ఎవరు పోయినారప్పా?"

"ఎవురూ పోలా!" మామ తాడు వదలకుండా అరిచాడు. "రెండు వందల ఇండ్లోళ్లు పొడిగా పండుకున్యారు!"